బ్రతికి ఉన్న సున్న

ఐ. పోలవరం అనగానే మన కళాశాలలో చాలామంది గోదావరి మీద ప్రాజెక్టు కడుతున్న పోలవరం అనుకుంటారు. మేము కూడా మొదట అట్లే పొరబడినవారమే. ఆ పోలవరం కొండల అంచున ఉన్నది. ఈ పోలవరం కోనసీమలో, సముద్రానికి చేరువగా, గౌతమీ పాయ ఒరుసుకొని పారే లంకల సీమలో ఉన్నది. ‘ఐ’ అన్న ఒంటి అక్షరం ‘ఐలాండ్’ అన్న మాటకు సంక్షేపం. కాకినాడ నుండి వచ్చేవారు యానాం దాటి, బాలయోగి వారధి మీదుగా ఎదుర్లంకలో అడుగుపెట్టి, మురమళ్ళ మీదుగా సాగితే ఆ ప్రాంతం చేరవచ్చును. దారికి ఒకవైపు కొబ్బరి చెట్లు, ఒకవైపు వరిచేలు, వాటి నడుమ నేడు అంతకంతకు పెరుగుతున్న రొయ్యల చెరువులు. 2023 వేసవిలో మేము ముగ్గురు విద్యార్థులము, చదువులో భాగంగా చేయవలసిన ప్రాజెక్టు నిమిత్తం, అట్టి ఒక చెరువు గట్టు మీద నలభై రోజులు గడిపాము. అక్కడ మేము నేర్చుకున్నది మోటారును గురించి కొంత, మమ్మల్ని గురించి చాలా. రెండవది మొదటిదానికన్న విలువైనదని తోచుటచేత ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

ఆ చెరువు ఎకరం విస్తీర్ణం గలది, కౌలుది. దానిని సాగుచేసే రైతు మాలో ఒకరి తండ్రికి స్నేహితుడు. మేము ఆయనను “బాబాయ్ గారూ” అని పిలిచేవారము. ఆయన మమ్మల్ని “బాబూ” అనేవారు. రొయ్యకు మేత ఎంత అవసరమో నీటిలో కరిగిన ప్రాణవాయువు అంతకన్న ఎక్కువ అవసరం. పగటివేళ నీటిలోని సూక్ష్మమైన నాచు ఎండను గ్రహించి ప్రాణవాయువును విడుదల చేస్తుంది. చీకటి పడగానే ఆ నాచే రొయ్యతోపాటు తానూ ఊపిరి పీల్చుకోవడం మొదలుపెడుతుంది. అందుచేత సాయంకాలం నిండుగా ఉన్న ప్రాణవాయువు రాత్రంతా తరుగుతూ, తెల్లవారుజామున కనిష్ఠ స్థాయికి దిగిపోతుంది. లీటరుకు నాలుగు మిల్లీగ్రాములకు తగ్గకుండా కాపాడుకోవాలని సాగు తెలిసినవారు చెబుతారు. రెండుకు దిగితే రొయ్య తాళలేదు. గుంపులు గుంపులుగా పైకి వచ్చి గట్టు అంచున మూతులు పెడుతుంది. రైతులు దీనినే రొయ్య తేలడం అంటారు. తేలిన రాత్రి మెలకువ లేకపోతే తెల్లవారేసరికి పంట ఉండదు.

దీనికి విరుగుడుగా చెరువులో రెక్కల చక్రాలు గల ఏరియేటర్లను తిప్పుతారు. ఆ చెరువులో రెండేసి అశ్వశక్తి గలవి నాలుగు ఉన్నవి. అవి రాత్రంతా పూర్తి వేగంతో తిరిగేవి. విద్యుత్తు పోయినప్పుడు జనరేటరుకు డీజిలు పోయాలి. “ఆయ్, రొయ్య తినే మేత కన్నా ఈ చక్రాలు తినే మేతే ఎక్కువైపోతందండి బాబూ” అని బాబాయ్ గారు మొదటి రోజుననే మాతో అన్నారు. ఆ మాట పట్టుకొని మేము మా ప్రాజెక్టును నిర్ణయించుకున్నాము. నీటిలోని ప్రాణవాయువును ఎప్పటికప్పుడు కొలిచి, ఎంత అవసరమో అంత వేగంతోనే చక్రాలు తిరిగేటట్లు చేయాలని మా సంకల్పం.

ఇందుకు సాధనం మోటారు డ్రైవు. మన ఇళ్ళకు వచ్చే విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు గలది. ఇండక్షన్ మోటారు వేగం ఆ ఆవృత్తుల సంఖ్యను బట్టి ఉంటుంది. నాలుగు ధ్రువాలు గల మోటారులో 50 హెర్ట్జ్ వద్ద అయస్కాంత క్షేత్రం నిమిషానికి 1500 చుట్లు, 25 హెర్ట్జ్ వద్ద 750 చుట్లు తిరుగుతుంది. మోటారు దానికి కొద్దిగా వెనుకబడి నడుస్తుంది. డ్రైవు వచ్చిన విద్యుత్తును ముందు ఏకముఖ విద్యుత్తుగా మార్చి, తిరిగి మనము కోరిన ఆవృత్తులు గల విద్యుత్తుగా మలచి మోటారుకు అందిస్తుంది. నీటిని కొట్టే రెక్కలకు కావలసిన శక్తి ఇంచుమించు వేగపు ఘనాన్ని అనుసరించి మారుతుంది. వేగం నూటికి ఎనభైకి తగ్గితే శక్తి దాదాపు సగానికి తగ్గుతుంది. ఈ లెక్కను మేము గట్టు మీద కూర్చుని కాగితంపై వేసి చూపగా బాబాయ్ గారి కళ్ళు మెరిశాయి. ఆ మెరుపే తరువాతి మా బాధ్యతను బరువెక్కించినది.

ఊరి సెంటరులో మోటార్ల వైండింగ్ దుకాణం నడిపే పెద్దాయన ఒకరు ఉన్నారు. ఆయనను ఊరంతా ‘భాయ్’ అంటారు. మేమూ అట్లే పిలిచేవారము. ఆయన ఒక పాత డ్రైవును బాగుచేసి మాకు అప్పుగా ఇచ్చారు. ప్రాణవాయువును కొలిచే సాధనాన్ని మేము ముగ్గురము చందాలు వేసుకొని కొన్నాము. దానికి సొంత తెర లేదు. అది కొలిచిన విలువను విద్యుత్ ప్రవాహంగా మార్చి రెండు తీగెల గుండా డ్రైవుకు పంపుతుంది. ప్రాణవాయువు సున్న అయితే 4 మిల్లీ ఆంపియర్లు, లీటరుకు 20 మిల్లీగ్రాములు అయితే 20 మిల్లీ ఆంపియర్లు. వోల్టేజి రూపంలో పంపే సంకేతం దూరపు తీగెలో కొంత నష్టపోతుంది. ప్రవాహం అట్లు కాదు, తీగె ఈ కొసన ఎంత ఉన్నదో ఆ కొసన అంతే ఉంటుంది. అందుచేతనే కర్మాగారాలలో ఈ పద్ధతి స్థిరపడినది. ఇదంతా మేము పుస్తకంలో చదివి, పరీక్షలో వ్రాసి, మార్కులు పొందినదే.

డ్రైవు లోపల పి.ఐ.డి. అనే నియంత్రణ ఉన్నది. దాని అంతరార్థాన్ని గోదావరి మీద లాంచీ నడిపే సరంగును చూచినవారికి సులభంగా చెప్పవచ్చు. ‘సరంగు’ పారశీక పదం నుండి వచ్చిన మాట. మన కళాశాలలోని రెండు భాషలవారికీ చుట్టమే. వారధి కట్టక మునుపు ఎదుర్లంకకూ యానానికీ నడుమ పాయను పడవల మీదనే దాటేవారు. మంచి సరంగు చుక్కాని పట్టుకొని మూడు విషయాలు గమనిస్తాడు. పడవ దారి నుండి ఇప్పుడు ఎంత తొలగినది? ఇంతసేపటి నుండి ఎంతెంత తొలగుతూ వచ్చినది? ఇకముందు ఎంత వడిగా తొలగబోతున్నది? మొదటిది అనుపాతం, రెండవది సమాకలనం, మూడవది అవకలనం. ఇది మా కల్పన కాదు. రష్యాలో పుట్టి అమెరికాలో స్థిరపడిన నికొలస్ మినోర్‌స్కీ అనే శాస్త్రజ్ఞుడు నౌకలలో చుక్కాని పట్టేవారి పద్ధతిని గమనించి, 1922లో ఈ మూడింటినీ గణితంలో కూర్చాడు. అంతకు చాలా ముందే, 1788లో, జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి తిరుగుడు గుండ్ల గవర్నరును అమర్చాడు. అట్టి గవర్నర్లు కొన్ని ఎందుకు నిలకడ లేక ఊగిసలాడుతాయో 1868లో మాక్స్‌వెల్ గణితంతో వివరించాడు. ఇంతటి పరంపరను వెంటబెట్టుకొని మేము చెరువు గట్టుకు వెళ్ళాము.

అమరిక పూర్తి అయిన రోజున మధ్యాహ్నం డ్రైవు తెర మీద ప్రాణవాయువు 10.4 అని కనిపించినది. ఎండ మండుతున్నది, నీరు ఆకుపచ్చగా ఉన్నది. పచ్చని నీటిలో పగలు అంత ఉండడం అసంభవం కాదు. మేము సంతోషించాము. మాలో ఒకరు తీగెలో మీటరు పెట్టి చూచారు. అక్కడ కూడా 10.4 మిల్లీ ఆంపియర్లే ఉన్నది. రెండు అంకెలు ఒక్కటే కావడం మాకు శుభసూచకంగా తోచినది. నిజానికి అదే ప్రమాద సూచిక అని గ్రహించే తెలివి ఆ మధ్యాహ్నం మా ముగ్గురిలో ఎవ్వరికీ లేకపోయినది.

కావలసిన ప్రాణవాయువును 5గా, కనిష్ఠ వేగాన్ని 25 హెర్ట్జ్‌గా నిర్ణయించి, ఆ రాత్రి డ్రైవుకు పగ్గాలు అప్పగించాము. పొద్దు గుంకినది. చక్రాలు మెల్లగా, వినీ వినబడని చప్పుడుతో తిరుగుతున్నవి. తెర మీద 9, 8, 7. కోరినదానికన్న ఎక్కువే ఉన్నదని డ్రైవు చక్రాలను కనిష్ఠ వేగంలోనే ఉంచినది. బాబాయ్ గారు రెండుమార్లు వచ్చి “ఇంత మెల్లగానా బాబూ?” అన్నారు. మేము తెర చూపించాము. ఆయన మరి మాట్లాడలేదు. చదువుకున్నవారి మీద మన పల్లెలకు గల ఆ గౌరవం ఎంతటి బరువో ఆ రాత్రి తెలియలేదు.

మూడు గంటలు దాటిన తరువాత ఆయన టార్చిలైటు వెలుగు గట్టు వెంట వేగంగా కదలడం చూచి లేచి వెళ్ళాము. వెలుగు పడినచోట నీటి అంచున వందలకొలది కళ్ళు ఎర్రగా మెరిశాయి. రొయ్య తేలినది. మేము పరుగున డ్రైవు వద్దకు వచ్చి చూచాము. తెర మీద 5.6 అని నిశ్చలంగా ఉన్నది. “బాబాయ్ గారూ, 5.6 ఉన్నదండీ” అని మాలో ఒకరు అన్నారు. ఆయన తెర వంక చూడలేదు. “రొయ్యకి అంకెలు రావు బాబూ” అని మాత్రం అని, ప్యానెల్ బోర్డులోని మార్పిడి స్విచ్చిని డ్రైవు నుండి నేరు కరెంటుకు తిప్పారు. నాలుగు చక్రాలు ఒక్కపెట్టున గర్జించినవి. అప్పటి నుండి తెల్లవారే వరకు మేము గట్టు మీదనే నిలబడి ఉన్నాము. ఎవ్వరమూ మాట్లాడుకోలేదు.

సూర్యోదయానికి రొయ్య క్రిందికి దిగినది. మూలన చనిపోయినవి ఏరగా సగం ట్రే అయినవి. బాబాయ్ గారు వాటిని గట్టు మీద పెట్టి కొంతసేపు చూచి, చేతులు కడుక్కొని, “టీ తాగారా?” అని అడిగారు. ఆయన కోపపడి ఉంటే మాకు కొంత ఊరట కలిగేది.

భాయ్‌కి కబురు చేయగా సైకిలు మీద వచ్చారు. ఆయన మమ్మల్ని ఏమీ అడగకుండా ముందు తీగె ఒక కొస విప్పారు. ప్రవాహం సున్న అయినది. తెర మీద కూడా సున్న అని వచ్చినది. “తీగె తెగితే సున్న చూపిస్తోంది. మరి మీ సాధనం సున్న ప్రాణవాయువుకు ఎంత పంపుతుందన్నారు?” అని అడిగారు. “నాలుగు” అన్నాము. అనగానే మా నోట మాట ఆగిపోయినది.

తప్పు అంతా ఒక్క అమరికలో ఉన్నది. సాధనం 4 నుండి 20 వరకు గల భాషలో మాట్లాడుతున్నది. డ్రైవును మేము 0 నుండి 20 వరకు గల భాషలో వినమని వదిలివేశాము. 4ను సున్నగా, 20ని పూర్తిగా తీసుకోవలసిన యంత్రం వచ్చిన మిల్లీ ఆంపియర్లనే ప్రాణవాయువుగా చదివినది. అందుకే మధ్యాహ్నం రెండు అంకెలు ఒక్కటైనవి. సరియైన లెక్క ఇది: వచ్చిన ప్రవాహంలో నుండి 4 తీసివేసి, మిగిలినదానిని 16తో భాగించి, 20తో గుణించాలి. మధ్యాహ్నపు 10.4 అసలు విలువ 8. తెల్లవారుజామున 5.6 అసలు విలువ 2. మేము కోరిన 5 వద్దనే యంత్రం నిలబెట్టి ఉంటే చెరువులో నిజంగా ఉండేది 1.25 మాత్రమే. అనగా మా యంత్రం ఎంత నేర్పుగా పనిచేస్తే అంత ఖచ్చితంగా ఆ చెరువును చంపి ఉండేది. నియంత్రణలో లోపం లేదు, నియంత్రణకు అందిన మాటలో లోపం ఉన్నది.

మేము ఈ లెక్కను తడబడుతూ వివరించుచుండగా బాబాయ్ గారు మధ్యలోనే అందుకున్నారు. “అంటే ట్రే బరువు తియ్యకుండా కాటా వేశారన్నమాట” అన్నారు. రొయ్యల పట్టుబడి నాడు ఖాళీ ట్రేను ముందు తూచి, ఆ బరువును మొత్తం నుండి తీసివేయడం అక్కడి చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి. మూడు సంవత్సరాల చదువులో మాకు అర్థమైనట్లు కనిపించి అర్థం కానిది ఆ ఒక్క వాక్యంలో అర్థమైనది.

సున్నకు బదులు నాలుగు వద్ద ఎందుకు ప్రారంభిస్తారన్న ప్రశ్నకు కూడా భాయ్ విప్పిన తీగెయే సమాధానం. కొలత సున్న అయినప్పుడు ప్రవాహం కూడా సున్న అయితే, చెరువులో ప్రాణవాయువు లేదో, తీగె తెగినదో, సాధనం చనిపోయినదో తెలుసుకొను మార్గం లేదు. నాలుగు వస్తే “ఉన్నాను, కాని నా వద్ద ఏమీ లేదు” అని సాధనం చెప్పినట్లు. ఏమీ రాకపోతే అది చెప్పగల స్థితిలోనే లేదన్నమాట. అందుకే దీనిని బ్రతికి ఉన్న సున్న అంటారు. ఆ తరువాత మేము అమరికను సరిచేసి, ప్రవాహం నాలుగుకు బాగా దిగువకు పడిపోతే చక్రాలు వెంటనే పూర్తి వేగం అందుకొనునట్లు ఏర్పాటు చేశాము. సందేహం కలిగినప్పుడు యంత్రం రొయ్య పక్షం వహించాలి గాని కరెంటు బిల్లు పక్షం కాదు.

కష్టాలు అంతటితో తీరలేదు. రెండవ రాత్రి చక్రాలు కొంతసేపు పరుగెత్తి, కొంతసేపు చతికిలబడి, మరల పరుగెత్తసాగినవి. తెర మీది అంకె కూడా వణుకుతున్నది. వణుకుకు కారణం భాయ్ కనిపెట్టారు. సంకేతపు తీగెను మేము మోటారు తీగెలతో కలిపి ఒకే గొట్టంలో లాగాము. డ్రైవు సెకనుకు వేలమార్లు విద్యుత్తును తెంచి కలుపుతుంది. ఆ అలజడి పక్కనున్న సన్నని తీగెను తాకక మానదు. సంకేతపు తీగెను వేరుచేసి దూరంగా లాగి, దాని లోహపు తొడుగును ఒక కొసననే ఎర్త్‌కు కలిపి, డ్రైవులోని వడపోత కాలాన్ని కొంచెం పెంచగా వణుకు తగ్గినది.

ఊగిసలాట మాత్రం మా తొందర ఫలితం. సమాకలన కాలం కొద్ది సెకన్లుగా ఉన్నది. పంపు ఒత్తిడికి అది సరిపోవచ్చును గాని ఎకరం నీటికి సరిపోదు. ఎకరం చెరువులో చక్రాల వేగం పెంచినా గంటకు ఒక మిల్లీగ్రాము మారడం గగనం. ఈలోగా యంత్రం ‘ఇంకా రాలేదు, ఇంకా రాలేదు’ అని లెక్క పోగుచేసుకొని గరిష్ఠ వేగానికి ఎగబ్రాకుతుంది. కోరినది వచ్చిన తరువాత కూడా పోగైన లెక్క తీరే వరకు దిగదు. 1942లో జీగ్లర్, నికొల్స్ అనే ఇద్దరు ఇంజనీర్లు చెప్పిన సుప్రసిద్ధ పద్ధతిలో, నియంత్రణను కావాలని ఊగిసలాడించి ఆ ఊపు నుండి సరియైన విలువలు గణిస్తారు. ప్రాణమున్న చెరువు మీద అట్టి పరీక్ష చేసే హక్కు మాకు లేదనిపించినది. కనుక ప్రాణవాయువు సమృద్ధిగా ఉండే రాత్రి తొలి జామున వేగాన్ని ఒక మెట్టు పెంచి, నీరు ఎంతసేపటికి బదులు చెబుతున్నదో కాగితం మీద వ్రాసుకున్నాము. అవకలనాన్ని పూర్తిగా తీసివేశాము. వణికే అంకె నుండి భవిష్యత్తు చెప్పబోతే అది జోస్యమే అవుతుంది. అనుపాతాన్ని మితంగా ఉంచి, సమాకలన కాలాన్ని ఆ డ్రైవు ఒప్పుకొనే చిట్టచివరి విలువకు తీసుకుపోయాము. కనిష్ఠ వేగాన్ని 30 హెర్ట్జ్‌కు పెంచాము. అప్పుడు గాని చక్రాల చప్పుడులో నిలకడ రాలేదు.

బాబాయ్ గారు మాకు రెండు షరతులు పెట్టారు. ప్రతి రాత్రి పదకొండుకు, రెండుకు, నాలుగుకు చేతి మీటరుతో నీటిని కొలిచి తెర పక్కన ఆ అంకెను కూడా వ్రాయాలి. మాలో ఒకరు నిద్రపోకుండా ఉండాలి. నాచు పట్టిన సాధనం కూడా అబద్ధం చెబుతుందని ఆ పట్టీ ద్వారానే కనిపెట్టి, వారానికొకమారు దానిని తుడవడం నేర్చుకున్నాము. పంట పట్టుబడి అయ్యే వరకు మరల రొయ్య తేలలేదు. పట్టుబడి నాడు కాటా దగ్గర ఆయన మమ్మల్ని పిలిచి, ఖాళీ ట్రేను తూచే పని మాకు అప్పగించారు. చుట్టూ ఉన్నవారు ఎందుకు నవ్వుతున్నారో తెలియని వ్యాపారి తెల్లబోయి చూచాడు. మేమూ నవ్వాము. ఆ నవ్వుతో మా మనసులోని సగం ట్రే బరువు కొంత దిగినది. పూర్తిగా దిగలేదు, దిగరాదు కూడా.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మన ప్రయోగశాలలో పెద్ద యంత్రాలు లేవన్న కొరతను మేము కూడా అనేకమార్లు చెప్పుకున్నాము. ఇప్పుడు మేము కోరేది చిన్నది. 4 నుండి 20 మిల్లీ ఆంపియర్ల వరకు మనము కోరిన ప్రవాహాన్ని పుట్టించి ఇచ్చే చేతిలో పట్టేపాటి సాధనం ఒకటి ఇప్పిస్తే, విద్యార్థి సున్న ఏదో, నిండు ఏదో బల్ల మీదనే సరిచూసుకొని వెళ్తాడు. మేము చేసిన తప్పు ఆ బల్ల మీద పది నిమిషాలలో బయటపడేది. ఒక రైతు చెరువులో అర్ధరాత్రి బయటపడవలసిన అవసరం ఉండేది కాదు.

తోటి విద్యార్థులకు చెప్పదగినంత పెద్దవారము కాము. అయినను ఒక్క మాట. తెర మీది అంకెకు, టార్చి వెలుగులో మెరిసిన కళ్ళకు పొత్తు కుదరనప్పుడు మేము అంకెను నమ్మి నిలబడ్డాము, అంకెలు నేర్వని పెద్దాయన కళ్ళను నమ్మి స్విచ్చి తిప్పారు. కొలత ఎక్కడ మొదలవుతున్నదో తెలుసుకోకుండా ఎంత ఉన్నదో చెప్పరాదని ఆ రాత్రి నేర్చుకున్నాము. ఇప్పటికీ ఏ ప్రయోగానికి కూర్చున్నా మా ముగ్గురిలో ఎవరో ఒకరు ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: “ఖాళీ ట్రే తూచామా?”